నేస్తం కప్పాల్సిన చీర

ఈ ఏడు మాకు పండగల్లేవు. అమ్మ పోయి ఏడాది తిరగలేదు కాబట్టి గుమ్మానికి మామిడాకు కట్టలేదు, దీపావళికి ప్రమిద వెలిగించలేదు. అయినా కార్తీక పౌర్ణమి నాడు తెల్లారగట్ల మెలకువ వచ్చేసింది. శ్రీకాకుళంలో మా ఇంటికి నాగావళి దగ్గరే. కాళ్ళు ఊరుకోక ఒడ్డుకి వెళ్ళాను. దీపం వదలడానికి కాదు, ఊరికే చూడ్డానికి.

ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు వదులుతున్నారు. వదిలిన దీపాన్ని కళ్ళతో చూడ్డం మానేసి ఫోన్లలో చూసుకుంటున్నారు. ఆ గుంపుకి కాస్త ఎడంగా ఒక కుటుంబం మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఉంది. వాళ్ళ చేతుల్లో ఉన్నది దొప్ప కాదు, పడవ. అరటి బోదె చెక్కి, రంగు కాగితాలు అంటించి, మధ్యలో పుల్ల నిలబెట్టి తెరచాప కట్టి, లోపల తమలపాకు, వక్క, దీపం పెట్టిన పడవ. ఒడియా వాళ్ళు. ఇంటి పెద్దావిడ ఆ పడవని రెండు చేతులా నీళ్ళ మీద పెట్టి మెల్లగా తోసింది. నాకు ఉన్నచోటనే ఏడుపు వచ్చేసింది. పక్కనున్న ముసలమ్మ "ఏటైందమ్మా, కళ్ళల్లో పొగెల్లిందా?" అని అడిగింది. అవునన్నాను.

నేను పుట్టి పెరిగింది విజయనగరంలో ఒక జూటుమిల్లు లైన్లలో. లైన్లంటే మిల్లు వాళ్ళు పనివాళ్ళకి కట్టించిన పెంకుటిళ్ళ వరసలు. ఒక గది, ఒక వంటిల్లు, ముందొక అరుగు. వెనకింటి వాళ్ళకీ మనకీ ఒకటే గోడ. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన గోగునార మోపుల వాసన, దాని మీద చల్లే నూనె వాసన కలిసి మా పేటంతా పట్టి ఉండేది. నాన్న చొక్కాకి అదే వాసన, తలగడకి అదే, వానాకాలమైతే అన్నానికీ అదే. బళ్ళో ఊరి పిల్లలు మా పక్కన కూర్చోవడానికి ముక్కు మూసుకునేవారు. మేమేమో వాళ్ళ ఒంటికి ఏ వాసనా లేదేమిటని జాలిపడేవాళ్ళం.

మిల్లు కాబట్టి ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి చేరారు. లైను చివర బెంగాలీ మేస్త్రీలు. మూడో ఇంట్లో తాషా వాయించే సాయిబు తాత. గేటు దగ్గర డిస్పెన్సరీలో మలయాళం నర్సమ్మ. మిగతావాళ్ళం పార్వతీపురం, పాలకొండ, చీపురుపల్లి వైపు నుంచి పొలాలు చాలక వచ్చినవాళ్ళం. పండగ ఎవరిదని అడిగే అలవాటు మాకు లేదు. ఏం వండారన్నదే ప్రశ్న. దసరాకి బెంగాలీ వాళ్ళు క్లబ్బు గదిలో దుర్గమ్మని నిలబెట్టి, పెసరపప్పు వేయించి కిచిడీ వండితే ఆ నేతి వాసనకి మా పుస్తకాలు వాటంతట అవే మూసుకునేవి. పీర్లు వీధిలోకి వస్తే మా అమ్మలు బిందెలతో నీళ్ళు తెచ్చి పీరు ఎత్తినవాళ్ళ కాళ్ళ మీద పోసేవారు. దగ్గొస్తున్న పిల్లల్ని పీరు కింద నుంచి దూర్చేవారు. దూరినందుకు సాయిబు తాత ఇంట్లో మలీదా ముద్ద పెట్టేవారు. నాకు ఏటా ఆ వారంలోనే దగ్గు పట్టుకునేది.

మా నాయనమ్మకి చూపు మందగించింది గాని మాట మందగించలేదు. "దేవుళ్ళు ఎంతమందైతే మనకేటి నష్టం? పెసాదాలు పెరుగుతాయి గాని" అనేది.

నా చిన్నప్పుడు ఒక ఏడు వానలప్పుడు మా వెనకింట్లోకి కొత్తగా ఒక కుటుంబం దిగింది. బరంపురం వైపు ఒడియా వాళ్ళు. ఆయన స్పిన్నింగులో చేరాడు. ఆవిడకి మా అమ్మంత వయసుంటుంది. పొట్టిగా, ముఖం నిండా పసుపుతో, చంకలో ఒక ఆడపిల్లతో ఉండేది. ఆ పిల్లని టికి అని పిలిచేవారు. టికి అంటే పేరేమీ కాదు, చిన్నది అని అర్థమట. ఒడియా ఇళ్ళల్లో వీధికొక టికి ఉంటుంది. ఆవిడనేమో లైన్లంతా ఒడియామ్మ అనేవారు.

మా అమ్మకీ ఒడియామ్మకీ మొదటి పరిచయం కొళాయి దగ్గర దెబ్బలాట. అమ్మ బిందె వరసలో ఉండగా ఒడియామ్మ తన బిందె ముందుకు జరిపింది. అమ్మ ఊరుకునే మనిషి కాదు. "బాస రాదు గాని బిందె ముందెట్టడం మా బాగా వచ్చీసింది" అంది. ఆవిడ ఒడియాలో ఏదో అంది. ఇద్దరూ ఒకరి తిట్లు ఒకరికి అర్థం కాకుండా నీళ్ళు ఆగిపోయేదాకా తిట్టుకున్నారు. బిందెలు రెండూ ఖాళీగానే ఇంటికొచ్చాయి. ఆ రోజంతా అమ్మ గోడ వైపు చూస్తూ గిన్నెలు గట్టిగా పెట్టింది. అవతల నుంచి కూడా గిన్నెలు గట్టిగా పెట్టిన చప్పుడు వినపడింది.

మా తమ్ముడికి అప్పటికి మూడేళ్ళు దాటాయేమో. వెనక్కి వెళ్ళి ఒడియామ్మ వాళ్ళ అరుగెక్కి, వాళ్ళ తులసి మొక్కలో ఉచ్చ పోయడం వాడి పని. దాంతో కూడా రెండు మాటల తగువులయ్యాయి.

దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను. ఆ రోజు విజయనగరం వీధులు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకి చెప్పినా అందదు. పొడుగాటి మాను చివర ఆసనంలో పూజారి కూర్చుని ఆకాశంలో ఊగుతూ కోట వైపు వస్తాడు. జనం మేడలెక్కి, గోడలెక్కి, అరటిపళ్ళు విసురుతారు. అమ్మ మమ్మల్నిద్దర్నీ తీసుకుని వెళ్ళింది. నాయనమ్మ అరుగు మీదనే కూర్చుని ఊరి వైపు దండం పెట్టుకుంటానంది. మాను మలుపు తిరిగిందన్న కేక వినపడింది. అందరం ఒక్కసారి మెడలెత్తాం. దించేసరికి అమ్మ చేతిలో నా చెయ్యి ఉంది గాని తమ్ముడి చెయ్యి లేదు.

అమ్మ ఆ జనంలో ఎలా అరిచిందో ఇప్పటికీ నాకు చెవుల్లో ఉంది. కొప్పు ఊడిపోయింది, చెప్పులు పోయాయి. కనపడిన ప్రతి మగవాడి చొక్కా పట్టుకుని "బావూ, నా గుంటడ్ని సూసారా, ఎర్ర సొక్కా ఏసుకున్నాడు" అని అడిగింది. పోలీసు బూతు దగ్గర మైకులో చెప్పించాం. మానూ వెళ్ళిపోయింది, జనమూ పల్చబడ్డారు, వాడు లేడు. చీకటి పడేవేళ నన్ను ఇంటి దగ్గర దింపి మళ్ళీ వెతకడానికని అమ్మ ఏడ్చుకుంటూ లైన్లకి వచ్చింది.

మా అరుగు మీద నాయనమ్మ పక్కన ఒడియామ్మ కూర్చుని ఉంది. ఒక తొడ మీద టికి, రెండో తొడ మీద మా వాడు. వాడి రెండు చేతుల్లోనూ అరటిపళ్ళు. మాను మీదకి విసిరిన పళ్ళలో కింద పడ్డవి ఏరుకోవడానికి వెళ్ళాడట దొర. ఒడియామ్మ చూసింది. తులసి మొక్క పుణ్యమా అని గుర్తుపట్టింది. ఆ జనంలో మమ్మల్ని ఎక్కడ వెతకాలో తెలియక, ఎవర్నీ అడగడానికి మాట రాక, ఇద్దర్నీ చెరో చంకలో వేసుకుని ఊరవతల లైన్లదాకా నడిచి వచ్చేసింది.

అమ్మ ఆవిడ కాళ్ళ మీద పడబోయింది. ఒడియామ్మ గభాల్న వెనక్కి జరిగి, "నాయ్, నాయ్" అంటూ అమ్మని లేవదీసి, చెదిరిన జుట్టు తన చేత్తో ముడేసింది. ఇద్దరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఏడ్చారు. కొళాయి దగ్గర తిట్టుకున్నంతసేపూ ఏడ్చారు. నాయనమ్మ అంతా విని, "ఏడుపులు సాలు గాని, నేస్తం కట్టీయే కోడలా. దీనికంటే ఏ సుట్టం వస్తాది నీకు?" అంది.

నేస్తం కట్టడమంటే మా వైపు వాళ్ళకి వివరించక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. మామూలు స్నేహం కాదది. దేవుడి ఎదుటో గంగ ఎదుటో ఇద్దరు నిలబడి ఒట్టు పెట్టుకుని కట్టుకునే చుట్టరికం. కులం అడ్డం రాదు, భాష అడ్డం రాదు. కట్టుకున్నాక వాళ్ళ పిల్లలు వీళ్ళకి పిల్లలే. ఏడాదికొకసారి పండగనాడు ఒకరికొకరు చీర పెట్టుకోవాలి. ఆ రోజు నుంచి ఒకరినొకరు నేస్తమనే పిలుచుకోవాలి. పేరు నోట తియ్యకూడదు. తీస్తే ఆ నేస్తానికి ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం.

కార్తీక పౌర్ణమికి కడదామని అనుకున్నారు. అక్కడి నుంచి ఆ నెలంతా నాకు ఒకటే పండగలాగ గుర్తు. దీపావళికి మేము గోగు కాడల చివర నూనె గుడ్డలు చుట్టి వెలిగించి, వీధిలో తిప్పి, నేలకేసి కొడతాం. మిల్లు పిల్లలం కాబట్టి కాడలకి కరువులేదు. ఒడియామ్మ మా కాడలు చూసి ఆగిపోయింది. వాళ్ళకీ అదే ఆచారమట. వాళ్ళు ఆ మంటలు పైకెత్తి చచ్చిపోయిన పెద్దల్ని పిలుస్తారట. చీకట్లో రండి, వెలుగులో వెళ్ళండి అని. ఆ మాటని మాకు అర్థమయ్యేలా చెప్పడానికి సగం తెలుగు, సగం చేతులు వాడింది. అప్పుడు ఆవిడ తెలుగు అలాగే ఉండేది. "పోయిన వాళ్ళు వస్తది, సూస్తది, ఎల్లిపోతది" అంది. నాయనమ్మ వెంటనే మా తాతని తలుచుకుని, "ఆయనొస్తే అరుగు మీదే కూకోమను. ఇంట్లోకొస్తే మళ్ళీ నాకు సాకిరీ" అంది. ఒడియామ్మ అర్థం కాకపోయినా పడి పడి నవ్వింది.

నాగులచవితికి పుట్ట దగ్గర పెట్టిన చిమ్మిలి ముద్దలు, పెద్దవాళ్ళు అటు తిరగ్గానే నేను, టికి, మా తమ్ముడు మాయం చేశాం. టికికి నోరు అంటుకుపోయి మాట రాలేదు. "పామొచ్చి తినీసింది" అని నేను అన్నాను. "పాముకి నువ్వులు పళ్ళల్లో ఇరుక్కుంటాయేటే?" అని అమ్మ నా గెడ్డం పట్టుకుని నోరు తెరిపించింది. రెండు పక్కలా దెబ్బలు పడ్డాయి. అప్పటికే అమ్మకీ ఒడియామ్మకీ పిల్లల్ని వాటాల్లేకుండా కొట్టే హక్కు వచ్చేసింది.

గోడలో ఒక ఇటుక ఎప్పటినుంచో వదులుగా ఉండేది. దాన్ని తీసేసి ఆ కంత గుండా గిన్నెలు ఇచ్చిపుచ్చుకోవడం మొదలైంది. మా ఇంటి నుంచి ఉల్లికారం, వాళ్ళింటి నుంచి బెల్లం, కొబ్బరి వేసి నిప్పుల మీద మాడ్చిన పిఠా. రాత్రి నీళ్ళు పోసిన అన్నాన్ని వాళ్ళు పొఖాళొ అంటారు, మేము చద్దన్నం అంటాం. ఎవరిది బాగుందో తేల్చడానికి నేను రెండిళ్ళలోనూ తిని, రెండిళ్ళలోనూ ఆకలేస్తోందని చెప్పేదాన్ని.

పౌర్ణమి తెల్లవారుజామున చంపావతికి వెళ్ళాం. మోపులు దించేసి ఖాళీగా వెనక్కి పోయే లారీ మమ్మల్ని ఏటి దగ్గర దింపింది. లారీలో గోగుపీచు మా జుట్లకి అంటుకుంది. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. ఒడియామ్మ ముందురోజంతా కూర్చుని చేసిన పడవ తీసింది. అమ్మ దొప్ప దీపం తీసింది. వాళ్ళ తాతలు పడవల మీద సముద్రం దాటి వ్యాపారానికి పోయేవారట, వాళ్ళ కోసం ఆ పడవలట. మా దీపం ఎవరికోసమో అమ్మకే తెలియదు. "గంగమ్మ తల్లికి" అంది. పడవ, దొప్ప పక్కపక్కనే పోయాయి. దొప్ప రెండు బారలు పోయి తిరగబడింది. అమ్మ ముఖం వాడిపోయింది. ఒడియామ్మ నడుములోతు నీళ్ళలోకి దిగి, దొప్పని తీసి తన పడవలో పెట్టి, మళ్ళీ తోసింది.

తడి చీరలతోనే ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. నాయనమ్మ మధ్యలో నిలబడి చెప్పింది, వాళ్ళు చేశారు. ఒకరికొకరు పసుపు రాసుకున్నారు, బొట్టు పెట్టుకున్నారు. అటుకులూ బెల్లం ఒకరి నోట్లో ఒకరు పెట్టుకున్నారు. కొత్త చీరలు మార్చుకున్నారు. అమ్మ పెట్టింది ఆకుపచ్చ, ఆవిడ పెట్టింది ఎర్రంచు తెలుపు.

"కస్టమొచ్చినా సుకమొచ్చినా ఇడిసిపెట్టనని సెప్పండి" అంది నాయనమ్మ.

"ఇడిసిపెట్టను" అంది అమ్మ.

"ఇడిసిపెట్టను" అంది ఒడియామ్మ, పలకడం తప్పు పోకుండా ఆచితూచి.

"ముందు ఎవలు పోతే, రెండోవోలు వచ్చి సీర కప్పాల. ఆ సీర పడందే మోయకూడదు. సెప్పండి."

అది విని నేను భయపడ్డాను. వాళ్ళు మాత్రం నవ్వుకుంటూ చెప్పారు. అప్పటికి ఇద్దరికీ ముప్ఫై కూడా ఉండవు. ఆ మాట ఏ కాలానిదో, ఎవరి గురించో అనుకున్నట్టున్నారు.

ఆ రోజు నుంచి ఆవిడ నేస్తమ్మ. మాకే కాదు, కొన్నాళ్ళకి లైన్లందరికీ. నేను ఆ గోడ అవతల పెరిగాను అంటే అబద్ధం కాదు. నాకు జడ వేయడం నేస్తమ్మ నేర్పింది. మార్గశిరం గురువారాలు వాళ్ళ గుమ్మంలో బియ్యప్పిండితో లక్ష్మీదేవి పాదాలు వేస్తుంటే, ఆ పాదాలు మా ఇంటి దాకా లాగేదాన్ని. పెద్దమనిషినైనప్పుడు మొదట చెప్పింది నేస్తమ్మకే. ఏటా కార్తీక పౌర్ణమికి రెండు చీరలు ఆ కంత గుండా అటూ ఇటూ వెళ్ళేవి. ఆవిడ పేరు ఏమిటని నాకెప్పుడూ తట్టలేదు. కన్నతల్లిని పేరు పెట్టి పిలుస్తామా, ఇదీ అంతే.

తరవాత మిల్లు మూతపడింది. ఎందుకు మూతపడిందో నాన్న ఎన్నోసార్లు చెప్పాడు గాని, నాకు గుర్తున్నది సైరన్ లేని పొద్దుట మాత్రమే. ఆ పొద్దుట లైన్లలో ఎవరూ లేవలేదు. బెంగాలీ వాళ్ళు ముందు వెళ్ళిపోయారు. సాయిబు తాత కొడుకులు విశాఖపట్నం పోయారు. నేస్తమ్మ వాళ్ళకి సూరత్‌లో మరమగ్గాల పని దొరికింది. స్టేషన్లో రైలు కదిలాక కూడా అమ్మా నేస్తమ్మా కిటికీ ఊచల గుండా చేతులు వదల్లేదు. నాన్న వచ్చి అమ్మ వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు. "వచ్చే పున్నమికి వస్తానే నేస్తం" అని నేస్తమ్మ తెలుగులో అరిచింది. అప్పటికి ఆవిడ తెలుగు మా తెలుగే అయిపోయింది.

వచ్చే పున్నమికి రాలేదు, చీర వచ్చింది. సూరత్ నుంచి పలాస వెళ్తున్న ఎవరో తెచ్చిచ్చారు. అమ్మ కూడా ఎవరి చేతో పంపింది. అలా కొన్నేళ్ళు వచ్చాయి. మేము లైన్లు ఖాళీ చేసి ఇల్లు మారాం, మళ్ళీ మారాం. తెచ్చేవాళ్ళకి మేము ఎక్కడున్నామో తెలియలేదు, పంపడానికి మాకు వాళ్ళెక్కడున్నారో తెలియలేదు. చీరలు ఆగిపోయాయి. నాకు పెళ్ళయింది, పిల్లలు, ఉద్యోగం. నాన్న పోయాడు. ఆయనుండగా అడిగి ఉంటే నేస్తమ్మ వాళ్ళ పేర్లు చిటికెలో చెప్పేవాడు.

కిందటి చలికాలం వెళ్ళాక అమ్మ జబ్బు పడింది. గుండె బలహీనమైపోయిందని, ఇంటికి తీసుకెళ్ళి ప్రశాంతంగా చూసుకోమని డాక్టరు చెప్పాడు. శ్రీకాకుళంలో మా ఇంట్లోనే ఉంచుకున్నాను. ఒకరోజు తల దువ్వుతుంటే అమ్మ అంది.

"నేస్తానికి కబురెట్టండే. సీర కప్పాల గదా."

"అలాగేలే. నేస్తమ్మ పేరేటి? తమ్ముడు బరంపురం ఎల్లి కనుక్కుంటాడు."

అమ్మ నా వైపు చిత్రంగా చూసింది. "నేస్తం" అంది.

"అది పేరు కాదే అమ్మా."

"నాకు అదే పేరు."

"పోనీ ఆయన పేరు సెప్పు. ఇంటి పేరు సెప్పు. ఏదో ఒకటి లేకపోతే అంత ఊర్లో ఏటని అడుగుతాడే ఆడు?"

"దాని మొగుడి పేరు తీస్తే దాని పేరు తీసినట్టు కాదేటి?"

నాకు కోపం వచ్చేసింది. మంచాన పడ్డ తల్లి మీద అరవకూడదని తెలుసు, అయినా అరిచాను. "మనిషి కావాలా నీకు, ఒట్టు కావాలా?"

"మనిషే కావాల. అందుకే తియ్యను. నాను పేరు తీసీసి, అది అక్కడ పడిపోతే, మరి వచ్చేదెవలే?"

"ఆయమ్మ ఉన్నాదో లేదో కూడా తెలీదు గదే!"

"ఉన్నాది."

"ఎలగ తెలుసు నీకు?"

"నాను ఇంకా పేరు తియ్యలేదు గదా" అంది అమ్మ, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం? నేను దొంగదారి పట్టాను. మందులిచ్చేటప్పుడు, పక్క దులిపేటప్పుడు, నాకు తెలిసిన ఒడియా ఆడవాళ్ళ పేర్లన్నీ ఒక్కొక్కటీ అనేదాన్ని. సుభద్రా? కుంతలా? మాలతా? బసంతా? ముఖంలో ఎక్కడన్నా చిన్న కదలిక పట్టుకుందామని. మొదటి పేరుకే అమ్మకి నా ఎత్తు అర్థమైపోయింది. రెండు చెవులూ మూసుకుని, కళ్ళు కూడా గట్టిగా మూసుకునేది. నేను ఆపేదాకా తెరిచేది కాదు. ఒకసారి అలా మూసుకున్న కళ్ళలోంచి నీళ్ళు కారాయి. ఏ పేరుకి కారాయో చెప్పలేను, వరసగా నాలుగైదు చదివేశాను. ఆ రోజుతో ఆ ఆట మానేశాను.

పేరు లేకుండానే వెతికాం. నేను విజయనగరం వెళ్ళాను. లైన్లున్న చోట ప్లాట్లు వేసి అమ్మేశారు. ఒక కల్యాణ మండపం లేచింది. దాని వెనక టీ కొట్టు అతన్ని అడిగితే, "ఒడియామ్మా? ఒడియామ్మలు శానామంది ఉండీవోరు గదమ్మా, ఏ ఒడియామ్మ?" అన్నాడు. మిల్లు కాగితాలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. తమ్ముడు బరంపురం వెళ్ళి నేతవాళ్ళ వీధులన్నీ తిరిగాడు. సూరత్ పోయి వచ్చిన ముసలివాళ్ళ దగ్గర కూర్చుని విజయనగరం మిల్లు, టికి, గోడలో కంత, సిరిమాను నాడు తప్పిపోయిన పిల్లాడు, అన్నీ చెప్పాడు. వాళ్ళు ఆసక్తిగా విని, "పేరు?" అని అడిగేవారట. వాడు బిక్కమొహం వేసుకుని తిరిగొచ్చాడు. చేతిలో ఎర్రంచు తెల్ల చీర ఒకటి పట్టుకొచ్చాడు. నేస్తం దొరక్కపోతే దాని బదులు ఇదన్నా కప్పుదామని.

ఆ చీర అమ్మకి చూపించలేదు. కానీ మంచంలో ఉన్నవాళ్ళకి ఇంట్లో అన్నీ తెలుస్తాయి. "ఎవలూ ఏదీ కప్పొద్దు" అంది నాతో, ఎవరూ లేనప్పుడు. "దాని వంతు అలగే ఒగ్గీండి. రేపు అది వచ్చి, నా సీర ఏదీ, నాను కప్పాలి గదా అంటే ఏటి సెప్తారు? వేరేవోలు కప్పీసినారని సెప్తారా? అది ఏటనుకుంటాది?"

"ఆ సీర పడందే మోయకూడదన్నాది గదే నాయనమ్మ" అన్నాను.

"మోసీండి. అది నా దగ్గరికి పైకొచ్చినప్పుడు నాను సెప్పుకుంటాను."

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దుట, గంజి తాగుతూ తాగుతూ అమ్మ పోయింది. ఆఖర్న ఏదన్నా అంటుందని, ఆ పేరు అంటుందని, నేను సిగ్గులేకుండా పెదాల దగ్గర చెవి పెట్టాను. ఏమీ అనలేదు. చుట్టాలొచ్చారు. పుట్టింటి చీర కప్పారు, ఆడపడుచులు కప్పారు, నేను కప్పాను. మా మేనత్త అంతా చూసి, "మీ యమ్మకి ఒడియా నేస్తం ఉండీది గదే. నేస్తం సీర ఏదే?" అని అడిగింది. తమ్ముడు లోపలికెళ్ళి ఆ తెల్ల చీర తెచ్చాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"ఇదైనా కప్పనీయే అక్కా. ఆయమ్మ నన్ను సంకలో ఏసుకుని మోసినాది" అని వాడు అందరి ముందూ పసిపిల్లాడిలా ఏడ్చాడు.

కప్పనివ్వలేదు. అమ్మ మాట చెప్పాను. వాడు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు. నేను చేసింది తప్పో ఒప్పో నాకూ తెలియదు. ఆ వంతు ఖాళీగానే అమ్మ వెళ్ళిపోయింది. అమ్మ మీద నాకు కోపం పోలేదు. ఒక్క మాట, రెండక్షరాలో మూడక్షరాలో, చెప్పి ఉంటే ఆ మనిషిని ఎక్కడున్నా వెతికి తెచ్చేవాళ్ళం కదా అని వంట చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి పొయ్యి ఆపేసి ఏడుస్తాను.

ఈమధ్య నా ఏడుపు అమ్మ కోసం కూడా కాదు. నేస్తమ్మ ఉండే ఉంటుంది. సూరత్‌లోనో, బరంపురంలోనో, ఏ మంచం మీదో. టికి నాలాగే తల నెరిసిన మనిషై పక్కన కూర్చుని ఉంటుంది. విజయనగరం నేస్తం పేరేమిటో చెప్పవే అమ్మా, ఎలాగైనా కబురు పెడతాం, వచ్చి చీర కప్పుతుంది అని బతిమాలుతూ ఉంటుంది. నేస్తమ్మ చెవులు మూసుకుంటుంది. నోరు విప్పదు, పేరు తీస్తే మా అమ్మకి ఆయుష్షు తగ్గుతుందని.